ఏడో గొట్టం

నరసాపురం రేవులో
పడవ సైలెన్సర్లకి వెల్డింగు చేసేవాణ్ణి.
డీజిలింజను దగ్గు నాకు తెలుసు,
మధ్యలో ఊపిరి తీసుకుని మరీ దగ్గుతుంది.
హైమవతి గారు తెచ్చిన ఇంజనుకి ఆ మర్యాద లేదు.
పిస్టన్లు లేవు, వాల్వులు లేవు.
నడుం నొక్కిన గుడ్డులాంటి గదిలో
మూడు మూలల రోటరొకటి పొర్లుతూ ఉంటుంది.
మూల ఆ కంత దాటిందో లేదో
ఇంకా ఆరని మంట అలాగే బయటికి దూకుతుంది.

"దీన్ని విమానానికి కడతానండి" అన్నారావిడ,
"మీరు దీనికి గొంతు చెయ్యాలి."

మొదటి గొట్టం మామూలు ఇనుము.
పది నిమిషాలకి దానిమ్మ గింజ రంగు,
పన్నెండో నిమిషానికి అప్పడంలా పొరలు.
రెండోది మందంగా చేశాను.
ఆవిడ తూకం వేసి, మాట్లాడకుండా తిరిగిచ్చేశారు.
సైలెన్సరుతో కలిపి నాలుగున్నర కిలోలు దాటకూడదట.
మా మేనత్త ఇత్తడి బిందే అంతకంటే బరువు!

మూడోది స్టెయిన్‌లెస్సు. నా చేతి అతుకు.
ఒక్క పొక్కు లేదు, పండుగప్ప పొలుసుల్లా వరస.
ఆ రాత్రి సంతోషానికి నిద్రపట్టలేదు.
మర్నాడు సరిగ్గా అతుకు పక్కనే చీలింది.
"గట్టిగానే బిగించానండీ."
"అందుకే" అన్నారు.
అరమీటరు గొట్టం అంత వేడికి
ఎనిమిది మిల్లీమీటర్లు సాగుతుందని లెక్క చూపించారు.
చోటివ్వకపోతే చీల్చుకుని చోటు చేసుకుంటుంది.

కోపమొచ్చి రేవుకి పోయి కూర్చున్నాను.
వశిష్ఠ పోటు మీదుంది.
కొల్లాటి నాగూరు పడవని గుంజకి కట్టి
బారెడు తాడు నీళ్ళలోకి వదిలేశాడు.
"అంత వదులెందుకురా?"
"బిగిత్తే పాటుకి ఏలాడుద్ది బాబూ, పోటుకి ముణుగుద్ది."
నలభై ఏళ్ళుగా ఆ రేవులోనే స్నానం చేస్తున్నాను నేను.

నాలుగోదానికి మెడ దగ్గర
గొట్టంలో గొట్టం దూర్చి, స్ప్రింగుల్తో పట్టి
అతక్కుండా వదిలేశాను.
అతుకే బతుకైనవాడికి అదెంత నామోషీయో
ఎవరికి చెప్పుకోను?

పగుల్లేదు. కానీ మోత!
వెనక రొయ్యల చెరువు మీది కొంగలన్నీ ఒక్కసారే లేచాయి.
చెరువు గల వర్మగారు తువ్వాలుతో పరిగెత్తుకొచ్చారు,
రొయ్యలు మేత ముట్టడం లేదని.
మా బావమరిది కొబ్బరి పీచు కూరమన్నాడు.
కూరాం. ఐదోది అలా పోయింది,
షెడ్డుకి మూడు రోజులు చుట్ట కంపు.
ఆరోదానికి లోపల అడ్డరేకులు పెడితే
వాటిని విరిచి రోడ్డు మీదికి కక్కింది.

గుమ్మంలో లేసల్లుకుంటున్న మా శ్యామల
తలెత్తకుండానే అంది:
"ఎదురు నిలబెట్టడం దేనికి?
లేసులో దారం కాదు, కన్నాలు లెక్క."
హైమవతి గారు పెన్సిలాపి
దాని ఒళ్ళోది తీసుకుని, బల్బుకి ఎదురుగా పట్టి
చాలాసేపు చూశారు.

లోపలి గొట్టానికి వెయ్యిన్ని డెబ్బై రెండు కన్నాలు.
నేను పొడిచాను, శ్యామల లెక్కపెట్టింది.
వరస తప్పినచోట విప్పెయ్యమంది.
ఉక్కునెలా విప్పుతానే అంటే
"మరి చూసి కుట్టాలి" అంది.

ఏడోదాన్ని నిన్న నడిపాం. నలభై నిమిషాలు.
దానిమ్మ దాటి నారింజకి వచ్చి
అక్కడే నిలబడింది రంగు.
కొంగలు కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు.
ఆవిడ పుస్తకంలో "సగం" అని రాసుకున్నారు.

ఇంజనాపాక ఎవరం మాట్లాడలేదు.
చల్లారుతూ, టిక్కు టిక్కుమంటూ
ఎనిమిది మిల్లీమీటర్లు వెనక్కి నడిచొస్తోంది గొట్టం.

"ఎనిమిదోదానికి రేకుందా?" అనడిగారు.
ఉందన్నాను.
లేదు. తణుకు పోయి తేవాలి.